వలను చూసి వంశం చెప్పకండి

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. సాలీడంటే భయం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి వెళ్ళక్కర్లేదు. నేను డబ్బాల్లో ఏమీ తీసుకురాలేదు. మాటలే.

మన భాషలో దీనికి పేరు పెట్టినవాళ్ళు భలే పెట్టారండీ. సాలె అంటే బట్ట నేసేవాడు. సాలెపురుగు, నేసే పురుగు. పేరులోనే పని ఉంది. కాకపోతే ఆ పేరులో సగం తప్పు. ఏది తప్పు? పురుగు. పురుగనగానే మనకి కీటకం గుర్తొస్తుంది. కీటకానికి ఆరు కాళ్ళు, మూడు ముక్కల ఒళ్ళు, తలమీద మీసాలు. దీనికి ఎనిమిది కాళ్ళు, రెండు ముక్కల ఒళ్ళు, మీసాల్లేవు, రెక్కలు అసలే లేవు. ఇది తేలుకీ పిడుదుకీ చుట్టం. ఈగకీ సీతాకోకచిలుకకీ కాదు.

సాలెగూడు అన్నమాట కూడా అలాంటిదే. గూడంటే కాపురముండేది, పిల్లల్ని పెట్టేది. ఇప్పుడు మనం మాట్లాడుకోబోయే గుండ్రటి వల అలాంటిది కాదు. అది వేట సామాను. చాలా జాతులు గుడ్లు అందులో పెట్టవు, దూరంగా ఆకు కిందో బెరడు సందులోనో సంచీ కట్టి పెడతాయి. "మరి పగలంతా మధ్యలో కూర్చునే ఉంటుంది కదండీ" అంటారు. కొన్ని జాతులు కూర్చుంటాయి, నిజమే. అది కాపురం కాదు, కాపలా.

ఇంకో సంగతి. మూలల్లో వేలాడే బూజు వేరు, ఇది వేరు. బూజు పట్టించే సాలీళ్ళు వేరే కుటుంబాలవి. ఇవాళ మనది బండిచక్రంలా ఆకులూ చుట్లూ ఉన్న వల. అందరం ఎప్పుడో ఒకప్పుడు తెల్లారి మంచు పట్టినప్పుడు చూసే ఉంటాం. దాన్ని చూడగానే "ఓహో, ఫలానా సాలీడు" అనేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనేశాను. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే: వలను చూసి వంశం చెప్పకండి. ఎందుకు చెప్పకూడదో తెలియాలంటే ముందు దాని ఒళ్ళు చూడాలి.

ఒళ్ళు రెండు ముక్కలన్నాను కదా. ముందుది శిరోవక్షం, తలా ఛాతీ కలిసిపోయిన ముక్క. కాళ్ళన్నీ దానికే. వెనకది ఉదరం. రెంటికీ మధ్య వెంట్రుకంత నడుము. గుండ్రటి వల అల్లేవాటిలో ఉదరం బాగా ఉబ్బి, ఒక్కోసారి శిరోవక్షం మీదికి వాలి ఉంటుంది. దారం కార్ఖానా అంతా అక్కడే మరి.

ముఖంలో ఎనిమిది కళ్ళు, నాలుగేసి రెండు వరుసలు. మధ్యలో ఒక నాలుగు, ఆ చివర ఒక జత, ఈ చివర ఒక జత. ఎనిమిది కళ్ళున్నాయి కదా, ఎంత బాగా చూస్తుందో అనుకుంటున్నారా? ఏమీ కనపడదు. వెలుగూ చీకటీ తెలుస్తుంది, ఏదో కదిలిందని తెలుస్తుంది, అంతే. కళ్ళతో వేటాడేవి గెంతుడు సాలీళ్ళు. వీటికి లోకమంతా స్పర్శే.

నోటి ముందు రెండు కెలిసెరాలు, వాటి చివర కోరలు. పట్టకారులా పక్కలనుంచి దగ్గరికొస్తాయి. పక్కనే రెండు పెడిపాల్పులు, చూడ్డానికి పొట్టి కాళ్ళలా ఉంటాయి. మగదాంట్లో వీటి చివర బాక్సింగ్ గ్లవ్స్ వేసుకున్నట్టు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇక కాళ్ళు. ఒక్కో కాలికి ఏడు ఖండాలు. చివర గోళ్ళు. తిరిగి వేటాడే సాలీళ్ళలో చాలావాటికి రెండే గోళ్ళు. వల అల్లేవాటికి మూడు. ఆ మూడోది మధ్యలో చిన్నగా, కొక్కెంలా వంగి ఉంటుంది, దానెదురుగా రంపపు పళ్ళలాంటి వెంట్రుకలు. దారం ఈ రెంటి మధ్యా పడుతుంది. ఒంటి చేత్తో తాడు పట్టుకుని వేలాడగలరా మీరు? ఇది రోజంతా వేలాడుతుంది.

కాలు సంగతిలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. కాలి ముఖ్యమైన రెండు కీళ్ళలో ముడుచుకోవడానికి కండరం ఉంది, చాచడానికి లేదు. మరి ఎలా చాస్తుంది? రక్తాన్ని ఒత్తిడితో కాల్లోకి తోస్తుంది. గొట్టంలోకి నీళ్ళు వదిలితే గొట్టం బిగుసుకున్నట్టు. చచ్చిపోయిన సాలీడు ఎప్పుడూ కాళ్ళు ముడుచుకునే కనపడుతుంది, గమనించారా? ప్రాణం పోతే ఒత్తిడి పోతుంది, ముడిచే కండరాలకి ఎదురు ఉండదు. ఆ రక్తం కూడా ఎర్రగా ఉండదు. మనకి ఇనుము ఉన్నచోట దానికి రాగి. హీమోసయనిన్ అంటారు. గాలి తగిలితే లేత నీలం.

ఉదరం అడుగున ఒక జత పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. పేజీల్లాంటి పొరలుంటాయి కనక ఆ పేరు. వాటితోపాటు వాయునాళాలు. గబగబా దాటేద్దాం, అసలు సంగతి వెనక చివర ఉంది.

చివర్న ఆరు వేళ్ళలాంటివి, మూడు జతలు. స్పిన్నరెట్లు. దారం ఒక రంధ్రంలోంచి వస్తుందనుకుంటాం. కాదు. ఒక్కో వేలిమీద సన్నని కొళాయిలు బోలెడు. లోపల ఏడు రకాల గ్రంథులు. ఒక్కో గ్రంథిది ఒక్కో దారం, ఒక్కో పని. చట్రానికి, వేలాడ్డానికి గట్టి దారం ఒకటి. తాత్కాలికంగా కట్టి విప్పేసే దారం ఒకటి. సాగే దారం ఒకటి. దానిమీద పూసే జిగురు ఒకటి. దారాన్ని కొమ్మకి అతికించే సిమెంటు ఒకటి. దొరికినదాన్ని చుట్టేసే దారం ఒకటి. గుడ్ల సంచీకి ఇంకోటి, అది ఆడవాటికే.

దారాన్ని పిచికారీ కొడుతుందని కొందరి నమ్మకం. కొట్టదు. లాగుతుంది. లోపల ద్రవంగా ఉన్న ప్రోటీన్, లాగేకొద్దీ గట్టిపడి పోగవుతుంది. కాలితో లాగుతుంది, లేదా ఒంటి బరువుతో దిగుతూ లాగుతుంది, లేదా గాలే లాక్కుపోతుంది.

ఇప్పుడు వల ఎలా వేస్తుందో చెప్తాను. పుస్తకంలో చదివింది కాదు, చూసింది. ఒకరాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి, రెండు కొమ్మల మధ్య ఒకదాని ముందు కూర్చున్నాను. ముందు అది కొమ్మ చివరికొచ్చి వెనక భాగం పైకెత్తింది. పోగు గాల్లో తేలింది. కనపడలేదు నాకు, టార్చి వాల్చినప్పుడు మాత్రం ఒక మెరుపు. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి లాగి చూసుకుంది, బిగిసింది. అవతల ఎక్కడో తగిలిందన్నమాట. ఆ వంతెనమీద నడిచి ఇంకో పోగు వేసింది. మధ్యలోంచి కిందికి దిగింది, వంతెన కుంగి వై ఆకారం వచ్చింది. ఆ మూడు గీతలూ కలిసిన చోటే వల నాభి.

అక్కడినుంచి ఆకులు, చెట్టు ఆకులు కాదు, బండిచక్రం ఆకుల్లాంటి నిలువు పోగులు. నాభినుంచి చట్రానికి, చట్రంనుంచి నాభికి, ఒకటి ఇటు వేస్తే ఒకటి అటు. ఎందుకటూ ఇటూ? ఒకే పక్క వేసుకుంటూ పోతే వల ఒక వైపుకి గుంజుకుపోతుంది. తర్వాత మధ్యనుంచి బయటికి ఎడంగా ఒక చుట్టు. అది పరంజా. కట్టడం అయ్యాక పరంజా తీసేస్తాం కదా? ఇదీ అంతే. బయటి అంచుకి చేరాక వెనక్కి తిరిగి, ఈసారి జిగురు చుట్లు వేస్తూ లోపలికి వస్తుంది, వస్తూ వస్తూ పరంజా దారాన్ని తెంపేస్తుంది. ముందు కాలితో పాత చుట్టు ఎక్కడుందో తడుముతుంది, నాలుగో కాలితో కొత్త పోగు లాగుతుంది, ఒంటి వెనక చివరని ఒకసారి ఆకుకి తాకిస్తుంది. తడుము, లాగు, తాకించు. ఆసులో కండె తిరిగినట్టు ఒకటే లయ. అరగంట దాటింది, నా మెడ పట్టేసింది, దాని లయ తప్పలేదు.

నేతపని తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆకులు పడుగు, చుట్లు పేక. పడుగు బిగువుగా ఉండాలి, పేకకి సాగుడుండాలి. ఎగిరొచ్చిన పురుగు గట్టి దారానికి కొట్టుకుంటే బంతిలా వెనక్కి పోతుంది. సాగే దారం రెట్టింపుకి మించి సాగి, దాని వేగాన్ని మింగేస్తుంది. ఆ దారంమీద జిగురు పూతలా ఉండదు, పూసల్లా ఉంటుంది. పూసేటప్పుడు పూతే. అది దానంతటదే బొట్లుబొట్లుగా విడిపోతుంది, తడి తీగమీద నీళ్ళు బొట్లు కట్టినట్టు. ఆ బొట్లు గాల్లో తేమని పీల్చుకుని ఆరిపోకుండా ఉంటాయి.

చాలా జాతులు ఈ వలని మర్నాటికి తినేస్తాయి. అవును, తినేస్తాయి. దారమంటే ప్రోటీన్ కదా, పారేస్తే నష్టం. ఆ ప్రోటీన్‌లో చాలా భాగం మళ్ళీ కొత్త దారమై వస్తుంది.

వల మధ్యలో తలకిందులుగా కూర్చుంటుంది. నాభి కూడా సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పైకి ఉంటుంది. పైకి ఎక్కడం కన్నా కిందికి పరుగెత్తడం తేలిక, అందుకని కింద ఎక్కువ జాగా. మరి కిందా పైనా లేనిచోట వల ఎలా వేస్తుంది? ఒక హైస్కూలు అమ్మాయి అడిగిన ప్రశ్న అది. 1973లో అరబెల్లా, అనిటా అని రెండు సాలీళ్ళని అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కి పంపారు. మొదట్లో వేసినవి గజిబిజిగా ఉన్నాయి. కొన్ని రోజులకి అలవాటుపడి చక్కగా వేశాయి. తర్వాతెప్పుడో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. దీపం వెలుగుతుంటే, దీపమున్న వైపే పైన అనుకుని వేస్తున్నాయట! కళ్ళు పనికిరావన్నాను కదా, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

మత్తుమందుల కథ కూడా చాలామంది వినే ఉంటారు. 1948లో జర్మనీలో పీటర్స్ అనే జంతుశాస్త్రవేత్తకి ఒక ఇబ్బంది. సాలీళ్ళు తెల్లవారుజామున వల వేస్తాయి, ఆయనకి నిద్ర చెడుతోంది. పీటర్ విట్ అనే మందుల శాస్త్రవేత్తని అడిగాడు, ఏదైనా మందిచ్చి వేళ మార్చగలమా అని. మందులిచ్చారు. వేళ మారలేదు, వల మారింది. కెఫీన్ ఇస్తే అసలు చక్రమే కుదరలేదు. ఇప్పుడు మీరు తాగే కాఫీ గురించి నేనేమీ అనట్లేదు.

వల ఒంట్లో భాగమే అంటే కవిత్వం అనుకోకండి. సి. వి. బాయ్స్ అనే ఆయన 1880లో ట్యూనింగ్ ఫోర్క్ మోగించి వలకి తాకించాడు. సాలీడు పరుగెత్తుకొచ్చి ఆ ఫోర్కునే పట్టుకుంది. కాళ్ళమీద సన్నని చీలికల్లాంటి జ్ఞానాంగాలున్నాయి, దారం ఏమాత్రం వణికినా వాటికి తెలుస్తుంది. 2022లో ఇంకా దూరం వెళ్ళారు. వంతెనల దగ్గరుండే ఒక జాతి, గాల్లో వచ్చే శబ్దాన్ని వలతో పట్టుకుని వింటుందని తేల్చారు. మనకి కర్ణభేరి తలలో ఉంది. దానికి బయట ఉంది, రోజూ కొత్తది వేసుకుంటుంది.

సరే, వర్గీకరణకి వద్దాం. ఇక్కడ కొంతమంది ఫోన్లు తీస్తారు, నాకు తెలుసు. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, ఇందులో కుటుంబ తగాదాలున్నాయి.

జంతువులకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతికి లెక్క 1758నుంచి. ఆ పద్ధతి పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకం ఆ ఏడాదిది. అంతకుముందు పెట్టిన పేర్లు చెల్లవు. ఒక్క మినహాయింపు ఉంది. కార్ల్ క్లెర్క్ అనే స్వీడన్ ఆయన 1757లో సాలీళ్ళమీద పుస్తకం వేశాడు. ఆ పేర్లు మాత్రం చెల్లుతాయి. మొత్తం జంతుశాస్త్రంలో సాలీళ్ళకే దక్కిన మర్యాద ఇది. అరేనియస్ డయాడిమేటస్, వీపుమీద తెల్ల చుక్కల శిలువ గుర్తుండే సాలీడు, ఆ 1757 పేరే. అరబెల్లా, అనిటా ఈ జాతివే.

ప్రపంచంలో పేరు పెట్టిన సాలీడు జాతులు 2022లో 50,000 దాటాయి. అందులో అరేనిడే కుటుంబానివి 3,000 పైచిలుకు. గుండ్రటి వలకి పెద్దింటివాళ్ళు వీళ్ళే.

ఏది ఏ జాతో ఎలా చెప్తారు? రంగు చూసా? వల చూసా? రెండూ కాదు. జననాంగాలు చూసి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, మగదాని పెడిపాల్పు చివర ఉబ్బు. మగది చిన్న వల అల్లి, దానిమీద వీర్యపు చుక్క వేసి, ఆ ఉబ్బులోకి పీల్చుకుంటుంది. దాన్ని మోసుకుంటూ ఆడదాన్ని వెతుక్కుంటుంది. ఆ ఉబ్బులో ముళ్ళూ కొక్కేలూ ఒక్కో జాతికి ఒక్కో తీరు. ఆడదాని ఉదరం కింద దానికి తగ్గ పలక. మైక్రోస్కోపులో ఇవి రెండూ చూడాలి. అందుకే ఎవరైనా పిల్ల సాలీడు ఫోటో పంపి "జాతి చెప్పండి" అంటే నేను దండం పెడతాను. ఎదగనిదాంట్లో చూడ్డానికేమీ ఉండదు.

ఇప్పుడు తగాదా. అరేనిడేలు వేస్తాయి గుండ్రటి వల. నీటి ఒడ్డున దవడలు పొడుగ్గా ఉండే టెట్రాగ్నాథిడేలూ వేస్తాయి, చాలాసార్లు బల్లపరుపుగా, నాభిలో చిల్లి పెట్టి. సరే, వీళ్ళిద్దరూ దగ్గరివాళ్ళే. యులోబొరిడే అని ఇంకో కుటుంబం ఉంది. వాళ్ళదీ అచ్చం ఇదే వల. ఆకులు, పరంజా, చుట్లు, అన్నీ. కానీ జిగురు లేదు. అతిసన్నని పోగుల్ని వెనక కాలి దువ్వెనతో దువ్వి దూదిలా చేసి దారానికి పడతాయి, పురుగు కాళ్ళు అందులో చిక్కుకుంటాయి. ఇంకో వింత, వీటికి విషగ్రంథులే లేవు. చుట్టి చుట్టి లొంగదీస్తాయి.

ఇంత ఒకేలాంటి వల వేరువేరుగా రెండుసార్లు పుడుతుందా? ఒక తాతదే అయ్యుండాలి అన్నారు. పాఠాల్లో అలాగే ఉండేది. నేనూ అలాగే నమ్మాను. 2014లో రెండు బృందాలు జన్యువుల రాశి పెట్టి లెక్క చూశాయి. యులోబొరిడేలు అరేనిడేలకి దగ్గర కాదు, నేలమీద పరుగెత్తే తోడేలు సాలీళ్ళకీ, గెంతుడు సాలీళ్ళకీ దగ్గర! మరి వల? రెండే దారులు. ఒకటి, వల రెండుసార్లు పుట్టింది. రెండు, అందరి తాతకీ వల ఉండేది, తోడేలు సాలీళ్ళూ గెంతుడు సాలీళ్ళూ దాన్ని వదిలేశాయి. ఆ తగువు ఇంకా తెగలేదు. నన్నడిగితే నేను రెండో దారి వైపు మొగ్గుతాను. ఏదో కొద్దిపాటి పోలికైతే యాదృచ్ఛికం కావచ్చు గానీ, పరంజాతో సహా కలుస్తుందా? ఇది నా మొగ్గే, రుజువు కాదు.

పెద్దింట్లో కూడా గొడవే. నెఫిలా అని బంగారు దారం తీసే పెద్ద సాలీళ్ళున్నాయి. ఒకప్పుడు వాటిని టెట్రాగ్నాథిడేలో పెట్టారు. తర్వాత వేరు కాపురం పెట్టించారు. తర్వాత తెచ్చి అరేనిడేలో కలిపారు. వాటికి తెలిస్తే నవ్వుకుంటాయి.

ఇక ఈ పెద్దింట్లో పుట్టి గుండ్రటి వల మానేసినవాళ్ళు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. సైర్టోఫోరా అరేనిడేనే. కానీ వల జిగురు లేకుండా, దోమతెరంత సన్నని కళ్ళతో, గుడారంలా పైకి లేపి కడుతుంది. రోజూ తీసి వెయ్యదు, అదే ఉంచుకుంటుంది. బోలాస్ సాలీడు, మాస్టోఫోరా, ఇంకా దూరం పోయింది. వలే లేదు. ఒక పోగు, దాని చివర ఒక జిగురు ముద్ద. అంతే దాని ఆస్తి. మామూలు వలలో పడ్డ రెక్కలపురుగు పొలుసులు రాల్చి జారిపోతుంది, ఈ ముద్ద మాత్రం పొలుసుల కిందికి ఇంకుతుంది. మరి ఒక్క ముద్దతో పురుగెలా దొరుకుతుంది? ఆడ రెక్కలపురుగు వాసన వదులుతుంది ఈ సాలీడు. మగవి ఆశగా వస్తాయి. దగ్గరకి రాగానే ముద్ద విసురుతుంది. వలను చూసి వంశం చెప్పాలంటే దీన్నేం చేస్తారు?

వల వేసేవాళ్ళలో కూడా ఎన్ని తీరులో. మడగాస్కర్‌లో డార్విన్స్ బార్క్ స్పైడర్, నదికి అడ్డంగా 25 మీటర్ల వంతెన దారం వేస్తుంది. ఇప్పటిదాకా కొలిచిన జీవపదార్థాల్లో దాని దారమంత తెగకుండా శక్తిని భరించేది లేదు. ఆ దీవిలోనే బంగారు దారం సాలీళ్ళు 12 లక్షలనుంచి పోగు లాగి ఒక పైవస్త్రం నేశారు. 2012లో లండన్‌లో ప్రదర్శించారు. రంగు అద్దలేదు, పసుపు దానిదే. గాస్టెరకాంథా ఉదరం గట్టిగా పెంకులా ఉండి అంచున ముళ్ళుంటాయి. సైక్లోసా తిని పారేసిన పెంట అంతా వలమీద వరసగా పేర్చి అందులో కలిసిపోయి కూర్చుంటుంది. కొన్ని జాతులు ఆ చెత్తతో సాలీడు బొమ్మ చేసి పెడతాయి!

ఆర్జియోపీ చూసే ఉంటారు, పసుపు పట్టీలు, కాళ్ళు రెండేసి కలిపి ఎక్స్‌లా. వలమీద తెల్లగా వంకర టింకర గీతలు అల్లుతుంది. వల నిలకడకని మొదట్లో అనుకున్నారు, పేరు కూడా అలాగే పెట్టారు. తర్వాత పురుగుల్ని ఆకర్షించడానికన్నారు, పక్షులు తగిలి వల చింపకుండా అన్నారు, శత్రువుని బెదిరించడానికన్నారు. అన్నిటికీ కొంత ఆధారం ఉంది. జాతికో కారణం ఉండకూడదని ఎవరన్నారు?

వీటిలో మగది ఆడదాని పక్కన చీమంత. ఒక ఆర్జియోపీ జాతిలో రెండో పెడిపాల్పు పెట్టగానే మగదాని గుండె దానంతటదే ఆగిపోతుంది. నెఫిలెంగిస్ మలబారెన్సిస్, పేరులో మలబారు వినపడుతోంది కదా, అందులో మగది పెడిపాల్పు తెంపి ఆడదాని దగ్గరే వదిలేసి పారిపోతుంది. తెగిన ముక్క ఆ తర్వాత కూడా వీర్యం పంపుతూనే ఉంటుంది.

ఇక మీ చీట్లు. కరుస్తాయా అని నలుగురు రాశారు. చేత్తో నలిపితే కరవచ్చు, కాసేపు మండుతుంది, అంతకుమించి భయపడాల్సినవి కావు ఈ కుటుంబంలోవి.

ఇంకో చీటీ, చిన్నపిల్లల చేతిరాత. "సాలీడు తన జిగురుకి తనే ఎందుకు అంటుకోదు?" చాలా మంచి ప్రశ్న. చాలాకాలం ఒంటికి నూనె ఉంటుందని చెప్పేసి ఊరుకున్నారు. 2012లో ఇద్దరు శాస్త్రవేత్తలు దగ్గరగా వీడియో తీసి చూశారు. మొదటిది, అంటుకుంటుందమ్మా, కొంచెం. కాలిమీద గుబురు వెంట్రుకల కొసలకి బొట్టు తగులుతుంది, కాలు మెల్లిగా వెనక్కి లాగేటప్పుడు ఆ కొసలమీంచి జారిపోతుంది. రెండోది, విడిగా తీసిన కాలిని రసాయనంతో, నీళ్ళతో కడిగి జిగురుకి తాకించారు. కడగని కాలికన్నా గట్టిగా అంటుకుంది. అంటే ఏదో పూత ఉందన్నమాటే. ఈసారి వల దగ్గర కూర్చున్నప్పుడు నాలుగో కాలే చూడు. పోగు లాగి వదిలేటప్పుడు ఎప్పుడూ ఒకే కోణంలో వెనక్కి తీస్తుంది.